నెల మొదట్లో ప్లాన్: డైరీ, ఫోన్, గోడ క్యాలెండర్, షీట్‌లలో మీకు ఏది సరిపోతుంది?

కొత్త నెల వస్తోందంటే చాలామంది మంచి ప్లానర్ యాప్ కోసమో, అందమైన డైరీ కోసమో వెతుకుతారు. రెండు వారాలు బాగానే వాడతారు. పదిహేనో తారీఖు దాటేసరికి డైరీ సొరుగులోకి, యాప్ ఫోన్‌లో ఎక్కడో చివరి స్క్రీన్‌లోకి వెళ్లిపోతుంది. అప్పుడు "నాకు క్రమశిక్షణ లేదు" అని తమను తామే తిట్టుకుంటారు. నాకు ఇది బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. తమ అవసరానికి పనికిరాని సాధనాన్ని పట్టుకుని కష్టపడ్డారు.

ఏ యాప్ మంచిది, ఏ డైరీ మంచిది అన్నది రెండో ప్రశ్న. మీ నెలలో ఏది చేజారుతోంది అన్నది మొదటిది. చేజారేవి నాలుగు రకాలు. కొందరికి తారీఖులు: బిల్లు గడువు, డాక్టర్ అపాయింట్‌మెంట్, రెన్యువల్. కొందరికి పనులు: చేయాలని నెలల తరబడి అనుకుంటూనే ఉంటారు, మొదలే కావు. కొందరికి డబ్బు: ఇరవయ్యో తారీఖుకల్లా ఖాతా ఖాళీ. ఇంకొందరి ఇంట్లో అన్నీ ఒక్కరి బుర్రలోనే ఉంటాయి, ఆ ఒక్కరు అలసిపోతే ఇల్లంతా ఆగిపోతుంది. ఈ నాలుగింటికీ ఒకే మందు లేదు. తారీఖులు మర్చిపోయే మనిషికి రంగురంగుల బుల్లెట్ జర్నల్ (చేత్తో రాసుకునే ప్లాన్ నోట్‌బుక్) ఇస్తే ఉపయోగం ఉండదు. పనులు వాయిదా వేసే మనిషికి ఇంకో అలారం ఇచ్చినా అంతే.

ముందు పోయిన నెలను ఒకసారి చూడండి

మీకు ఏది చేజారుతోందో మీ జ్ఞాపకాన్ని అడగకండి, అది మొన్న జరిగినదాన్నే పెద్దది చేసి చెబుతుంది. రుజువులు చూడండి. బ్యాంక్ స్టేట్‌మెంట్ తెరిచి ఆలస్య రుసుములు, మీకు తెలియకుండా రెన్యువల్ అయిన సబ్‌స్క్రిప్షన్లు ఉన్నాయేమో వెతకండి. ఉంటే మీ సమస్య తారీఖులు. పోయిన నెల మొదట్లో రాసుకున్న పనుల లిస్టు ఏదైనా దొరికితే తీయండి. అందులో సగానికి పైగా ఇప్పటికీ చేయాలనే ఉన్నాయా? అయితే సమస్య పనులు. ఆఖరున, మీ మెసేజ్‌లలో మీరు పంపిన "సారీ", "మర్చిపోయాను" అన్న మాటలను సెర్చ్ చేయండి. ఎవరికి, దేనికి చెప్పారో చూస్తే పది నిమిషాల్లో విషయం తేలిపోతుంది. ఎక్కువ సారీలు ఇంట్లోవాళ్లకే వెళ్లి ఉంటే, సమాచారం మీ ఇంట్లో అందరికీ చేరడం లేదన్నమాట.

ఇది చేశాక సాధనాల సంగతి చూద్దాం.

తారీఖులు: ఫోన్ క్యాలెండరా, గోడ క్యాలెండరా?

తారీఖులకైతే నా ఓటు ఫోన్ క్యాలెండర్‌కే. కాగితం మీద రాసిన తారీఖు మీరు చూస్తేనే గుర్తొస్తుంది. ఫోన్ మాత్రం మీరు చూడకపోయినా మోగుతుంది. మర్చిపోయే మనిషికి కావాల్సింది అదే.

కానీ ఫోన్ క్యాలెండర్‌ను చాలామంది సగమే వాడతారు. మీరు సెట్ చేయకపోతే అది మామూలుగా ఈవెంట్‌కు పది నిమిషాల ముందో అరగంట ముందో గుర్తుచేస్తుంది. మీటింగ్‌కు అది చాలు. పాస్‌పోర్ట్ గడువు ముగియడానికి అరగంట ముందు గుర్తుచేస్తే ఏం చేస్తాం? అందుకే నెల మొదట్లో కూర్చున్నప్పుడు ప్రతి గడువుకూ రెండు రిమైండర్లు పెట్టండి. మొదటిది ఆ పని పూర్తి చేయడానికి పట్టేంత సమయం ముందు, రెండోది ముందు రోజు. డబ్బు కట్టడమే అయితే మొదటిది మూడు రోజుల ముందు చాలు. పత్రాలు పోగేసి, ఎవరిచేతనో సంతకం చేయించాల్సిన పని అయితే నెల ముందే పెట్టాలి, అంటే ఈ నెల కూర్చున్నప్పుడు వచ్చే నెల గడువులను కూడా చూడాలి.

పేరు రాసే తీరు కూడా ముఖ్యమే. "ఇన్సూరెన్స్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే, రిమైండర్ మోగినప్పుడు చూసి పక్కకు తోసేస్తాం. "ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టాలి, పాలసీ నంబర్ మెయిల్‌లో ఉంది" అని రాస్తే అక్కడికక్కడే పని అయిపోతుంది.

చాలామందికి తెలియని ఒక చిక్కు ఉంది. నెలాఖరు పనిని "ప్రతి నెల 31న" అని రిపీట్ పెడితే గూగుల్ క్యాలెండర్‌లో అది 31 రోజులున్న నెలల్లోనే వస్తుంది. అంటే ఏడాదికి ఏడుసార్లే. మిగతా ఐదు నెలల్లో అసలు కనిపించదు, ఏ హెచ్చరికా ఉండదు. 30న పెడితే ఫిబ్రవరిలో రాదు. ఇది ఆ యాప్ లోపం కాదు. క్యాలెండర్ యాప్‌లు పాటించే ఐక్యాలెండర్ ప్రమాణం 2009 రూపంలోనే, ఆ నెలలో లేని తారీఖును వదిలేయమని ఉంది. ఔట్‌లుక్ మాత్రం అలాంటి నెలల్లో ఆఖరి రోజుకు జరుపుతుంది. మీ యాప్ ఏం చేస్తుందో ఫిబ్రవరి, ఏప్రిల్ నెలలకు వెళ్లి చూసుకోండి. అంత గొడవ ఎందుకనుకుంటే నెలాఖరు పనులన్నీ 28కే పెట్టుకోండి, అన్ని నెలల్లోనూ ఉండే చివరి తారీఖు అదే.

గోడ క్యాలెండర్ గెలిచే చోటు ఒకటుంది: ఒకే ఇంట్లో నలుగురు ఉన్నప్పుడు. ఫోన్ లేని పిల్లలు, ఫోన్‌లో క్యాలెండర్ తెరవని పెద్దవాళ్లు, షిఫ్టులు మారే ఇద్దరు ఉద్యోగులు ఉన్న ఇంట్లో అందరూ అటూ ఇటూ నడిచే చోట ఒక పెద్ద క్యాలెండర్ ఉంటే, "నాకెవరూ చెప్పలేదు" అన్న మాట తగ్గుతుంది. నెల మొత్తం ఒక్క చూపులో కనిపించడం దాని బలం. ఫోన్‌లో నెల వ్యూ పెడితే చుక్కలో, సగం తెగిన పేర్లో కనిపిస్తాయి. ఏ వారం నిండిపోయింది, ఏ వారం ఖాళీ అన్నది గోడ మీదున్న గళ్లను చూస్తే వెంటనే తెలుస్తుంది. మనిషికో రంగు పెన్ను పెడితే ఇంకా మంచిది.

దాని బలహీనత ఏమిటంటే అది ఇంట్లోంచి కదలదు. క్లినిక్‌లో "మళ్లీ ఎప్పుడు వస్తారు?" అని అడిగినప్పుడు మీ దగ్గర ఉండదు. అందుకని గోడ క్యాలెండర్ మీద ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమందికి సంబంధించిన తారీఖులు మాత్రమే రాయండి. మీ ఒక్కరి సంగతులు ఫోన్‌లోనే ఉంచుకోండి. నెల మొదటి రోజున దాన్ని ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెడితే సగం ఇబ్బంది తీరుతుంది.

మరి ఫోన్‌లోనే షేర్డ్ క్యాలెండర్ పెట్టుకుంటే? అందరూ తెరిచి చూసేవాళ్లయితే అంతకన్నా మంచిది లేదు. ఒక్కరే ఎక్కించి మిగతావాళ్లు నోటిఫికేషన్లను తోసేస్తుంటే మాత్రం భారం మళ్లీ ఆ ఒక్కరి మీదే పడుతుంది. ఒక నెల ప్రయత్నించండి. మీరు కాకుండా ఇంకెవరైనా అందులో ఒక్క ఎంట్రీ అయినా చేశారా చూడండి. లేదంటే గోడే నయం.

పనులు: కాగితమా, యాప్‌నా?

అసలు తేడా వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

టుడూ యాప్ బలం అందరికీ తెలిసిందే. రాసింది పోదు, వెతికితే దొరుకుతుంది, ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. ఇబ్బంది కూడా అందులోనే ఉంది: రాసింది ఎప్పటికీ పోదు. ఈరోజు చేయని పని రేపటికి, రేపటిది ఎల్లుండికి దానంతటదే జరిగిపోతుంది. మిమ్మల్ని ఏమీ అడగదు. నెల తిరిగేసరికి ఎర్ర అక్షరాల్లో గడువు దాటిన పనులు బారుగా పేరుకుపోతాయి. దాన్ని చూస్తేనే టెన్షన్, అందుకే యాప్ తెరవడమే మానేస్తాం.

కాగితం మీద అలా జరగదు. పేజీ అయిపోతే మిగిలిన పనులను మళ్లీ చేత్తో రాయాల్సిందే. రైడర్ క్యారల్ 2013లో జనం ముందుకు తెచ్చిన బుల్లెట్ జర్నల్ పద్ధతికి ప్రాణం ఇదే. నెల మొదట్లో ఎదురెదురుగా రెండు పేజీలు తీసుకుంటారు. ఎడమవైపు ఒకటి నుంచి నెలాఖరు దాకా తారీఖులు, ఒక్కోదానికి ఒక్క లైను, పక్కన వారం పేరులో మొదటి అక్షరం. కుడివైపు ఈ నెలలో చేయాల్సిన పనులు. నెల ముగిసినప్పుడు మిగిలిపోయిన ప్రతి పనినీ చూసి మూడింట్లో ఒకటి తేల్చుకోవాలి: కొత్త నెలకు మళ్లీ రాయాలా, దూరంగా ఉన్న ఏదో నెలకు పంపాలా, కొట్టేయాలా. మళ్లీ రాసే ఓపిక లేని పని చేసే అవసరం కూడా బహుశా లేదన్నది ఇందులోని ఆలోచన. నెలవారీ పద్ధతుల్లో నేను చూసినవాటిలో ఇంత ఉపయోగమైన నియమం ఇంకోటి లేదు.

ఇక్కడ ఒక్క మాట. ఇంటర్నెట్‌లో బుల్లెట్ జర్నల్ అంటే వాటర్ కలర్ బొమ్మలు, స్టిక్కర్లు, గంటలకొద్దీ గీసిన అలంకారాలు కనిపిస్తాయి. అసలు పద్ధతిలో అవేవీ అక్కర్లేదు. మామూలు నోట్‌బుక్, ఒక పెన్ను చాలు. బొమ్మలు గీయడం మీకు ఇష్టమైతే హాయిగా గీయండి, కానీ గీయడం రాదని ఈ పద్ధతికి దూరం కావద్దు.

అయితే కాగితం ఓడిపోయే చోటు కూడా గట్టిదే. మూడు నెలలకోసారి, ఏడాదికోసారి వచ్చే పనులు కాగితంలో నిలవవు. ఫిల్టర్ మార్చడం, పళ్ల డాక్టర్‌ను కలవడం, ఫైళ్లు బ్యాకప్ తీయడం లాంటివి పాత నోట్‌బుక్‌తో పాటే అటకెక్కుతాయి. వీటికి యాప్ కావాలి. యాప్ ఎంచుకునేటప్పుడు రిపీట్ ఎలా చేస్తుందో ఒకసారి చూడండి. రిపీట్ రెండు రకాలు. ఇంటద్దె ఎప్పుడు కట్టినా వచ్చేసారి మళ్లీ అదే తారీఖున రావాలి. ఫిల్టర్ అలా కాదు. నెల ఆలస్యంగా మారిస్తే వచ్చే మూడు నెలలను ఆ మార్చిన రోజు నుంచే లెక్కపెట్టాలి. కొన్ని యాప్‌లలో మొదటి రకమే ఉంటుంది. టోడోయిస్ట్‌లో రెండూ ఉన్నాయి. రిపీట్ మాటైన "ఎవ్రీ" పక్కన ఆశ్చర్యార్థకం పెడితే పూర్తి చేసిన రోజు నుంచి లెక్క వేస్తుంది. ఇంటి నిర్వహణ పనులు ఎక్కువగా ఉన్నవాళ్లు ఈ ఒక్క సౌకర్యాన్ని చూసి యాప్‌ను ఎంచుకున్నా తప్పులేదు.

మీకు యాపే అలవాటు, కాగితం వద్దు అంటారా? కాగితం చేసే పనిని యాప్ చేత చేయించవచ్చు. నెలాఖరున గడువు దాటిన పనులన్నిటికీ తారీఖులు తీసేయండి. "పాతవి" అని ఒక లిస్టు పెట్టి అందులో పడేయండి. కొత్త నెలకు నిజంగా కావాల్సినవాటిని ఒక్కొక్కటిగా చూసి కొత్త తారీఖుతో బయటికి తీయండి. అన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేసి వచ్చే నెలకు జరిపే బటన్ ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి. ఒక్కో పనిని చూసి తేల్చుకోవడమే ఇక్కడ అసలు సంగతి.

ఇక ఎన్ని పనులు రాయాలి? మనం తక్కువ సమయంలో ఎక్కువ పని అయిపోతుందనుకుంటాం. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వర్‌స్కీ 1979లోనే ఈ అలవాటుకు ఒక పేరు పెట్టి వివరించారు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ఇంకా సూటిగా చెబుతుంది. థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని విద్యార్థులను అడిగితే సగటున దాదాపు 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులని అడిగితే దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది దాదాపు 55 రోజులు. అంటే వాళ్లు ఊహించగలిగిన గడ్డు పరిస్థితి కన్నా కూడా ఎక్కువే. చెప్పిన గడువులోపు పూర్తి చేసినవాళ్లు వందలో 30 మందే.

నేను దీన్ని ఇలా వాడతాను: ముందు తారీఖులన్నీ క్యాలెండర్‌లో ఎక్కించి, ఆ తర్వాత నెలలో మిగిలిన ఖాళీ గంటలను చూసి, అందులో 60 శాతానికి మించి పనులు పెట్టను. మిగతా 40 శాతం అనుకోనివాటికి. అనుకోనివి ఏ నెలైనా వస్తాయి. లిస్టు ముందు రాసి తర్వాత క్యాలెండర్ చూసేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఎక్కువే రాస్తారు, ఎందుకంటే రాసేటప్పుడు వాళ్ల కళ్ల ముందు ఖాళీ నెల ఉంటుంది.

రాసే తీరు మీద కూడా ఒక పరిశోధన ఉంది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ చేసిన ప్రయోగాల్లో, పూర్తికాని పనులు వేరే పని చేస్తున్నప్పుడు కూడా మనసులోకి వచ్చి ఇబ్బంది పెట్టాయి. ఆ పనికి ఎప్పుడు, ఎలా అన్న స్పష్టమైన ప్లాన్ వేసుకున్నవాళ్లలో మాత్రం, పని ఇంకా పూర్తి కాకపోయినా ఆ ఇబ్బంది పోయింది. కాబట్టి "లోన్ సంగతి చూడాలి" అని రాసి వదలకండి. "రెండో మంగళవారం సాయంత్రం బ్యాంకుకు ఫోన్ చేసి మిగిలిన అసలు ఎంతో కనుక్కోవాలి" అని రాయండి. రాసినందుకే రాత్రి కాస్త నిద్ర పడుతుంది.

స్టికీ నోట్లు, వైట్‌బోర్డు గురించి కూడా అడుగుతుంటారు. రెండూ వారానికి పనికొస్తాయి, నెలకు కాదు. ఒకటి రాలిపోతుంది, ఇంకోదాన్ని ఎవరో తుడిచేస్తారు.

డబ్బు: నోట్‌బుక్, షీట్, ఆటోమేటిక్ యాప్

ఇక్కడ ఎంపిక మీరు ఏ దశలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

డబ్బు ఎటు పోతోందో మీకే తెలియకపోతే రెండు మూడు నెలలు చేత్తో రాయండి. జపాన్‌లో 1904లో హనీ మొతోకో అనే జర్నలిస్టు ఇంటి జమాఖర్చుల కోసం కకేబో అనే పద్దు పుస్తకం తెచ్చారు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నెల మొదట్లో రాబడి రాస్తారు, తప్పనిసరి ఖర్చులు తీసేస్తారు, ఎంత దాచాలో ముందే పక్కన పెడతారు, మిగిలినదాన్నే ఖర్చులకు పంచుకుంటారు. నెలాఖరున కూర్చుని ఎక్కడ మెరుగుపడాలో చూసుకుంటారు. ఖర్చు పెట్టిన ప్రతిసారీ చేత్తో రాయాల్సి రావడం వల్ల మనకు తెలియకుండా జరిగే ఖర్చులు బయటపడతాయి.

ఎటు పోతోందో తెలుసు కానీ బిల్లులన్నీ ఒకే వారంలో మీద పడుతున్నాయంటే షీట్ (ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్) మంచిది. తారీఖుల వారీగా ఏ రోజు ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవచ్చు. అందులోనూ తారీఖుల చిక్కు ఉంది. ఈడేట్ (EDATE) ఫంక్షన్‌తో జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28 వస్తుంది (లీపు సంవత్సరమైతే 29). అక్కడినుంచి పై గడిని చూసి కింది గడి లెక్క వేసుకుంటూ పోతే మార్చి 28, ఏప్రిల్ 28 అని వస్తాయి, 31 మళ్లీ రాదు. నెల ఆఖరి రోజే కావాలంటే ఈఓమంత్ (EOMONTH) ఫంక్షన్ వాడండి.

బ్యాంక్ మెసేజ్‌లు చదివి వాటంతటవే లెక్క వేసే యాప్‌లకు శ్రమ తక్కువ. కానీ అవి చూపించేది అయిపోయిన ఖర్చు. నెల మొదట్లో మనకు కావాల్సింది కాబోయే ఖర్చు. నెలాఖరు సమీక్షకు వాటిని వాడుకోండి, ప్లాన్ మాత్రం మీరే వేయండి. ఎంచుకునేటప్పుడు మీ డేటాను ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకునే వీలుందా, ఏయే అనుమతులు అడుగుతోందో తప్పకుండా చూడండి.

సాధనం ఏదైనా రెండు లెక్కలు సరిచేసుకోవాలి. మొదటిది, నెలంటే నాలుగు వారాలు అనుకోవడం. సరిగ్గా నాలుగు వారాలు ఉండేది 28 రోజుల ఫిబ్రవరి ఒక్కటే. నాలుగు చొప్పున వేస్తే ఏడాదికి 48 వారాలే అవుతాయి, ఉన్నవి 52. వారం ఖర్చును నాలుగుతో గుణించి నెల బడ్జెట్ రాసుకునేవాళ్లకు ఏడాదిలో నాలుగు వారాల ఖర్చు లెక్కలోకే రాదు. "ఈ నెల ఎందుకో సరిపోలేదు" అనిపించే నెలల్లో కొన్నిటికి కారణం ఇదే. వారం ఖర్చును 52తో గుణించి 12తో భాగించండి, అంటే సుమారు 4.33 వారాలు. లేదా ఈ నెలలో సంతకు, ట్యూషన్‌కు, ఇంకోదానికి వెళ్లే రోజు (సోమవారమో, శనివారమో) నాలుగుసార్లు వస్తుందా, ఐదుసార్లు వస్తుందా అని క్యాలెండర్ చూసి రాసుకోండి. రెండోది, ఏడాదికోసారి వచ్చే పెద్ద ఖర్చులు. ప్రీమియం, ఫీజు, పన్ను లాంటివి కలిపి 12తో భాగించి ఆ మొత్తాన్ని ప్రతి నెల మొదట్లోనే వేరే ఖాతాకు పంపేయండి.

ఎప్పుడు కూర్చోవాలి?

ఒకటో తారీఖుకు ఒక ఊపు ఉంటుంది, నిజమే. హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో వారం, నెల, సంవత్సరం మొదట్లో జనం జిమ్‌కు వెళ్లడం, గూగుల్‌లో డైట్ గురించి వెతకడం పెరుగుతాయని తేలింది. కొత్త మొదలు అన్న భావన మనల్ని కదిలిస్తుంది. దాన్ని వాడుకోవాలి.

కానీ ప్లాన్ వేయడానికి ఒకటో తారీఖు మంచిది కాదని నా అభిప్రాయం. బిల్లులు, జీతం, నెలాఖరు లెక్కలు అన్నీ ఆ రోజు చుట్టూనే ఉంటాయి. పైగా అది ఏ బుధవారమో పడితే కూర్చునే తీరిక ఉండదు. నెల మారడానికి ముందు వచ్చే చివరి సెలవు రోజున గంటసేపు కూర్చోండి. ఒకటో తారీఖు ఊపును ప్లాన్‌లోని మొదటి పని చేయడానికి ఉంచండి. జీతం నెల మధ్యలో వచ్చేవాళ్లు డబ్బు ప్లాన్‌ను జీతం రోజు నుంచి జీతం రోజుకు వేసుకోవడమే మేలు. తారీఖులు, పనులు మామూలు నెల ప్రకారమే నడవనివ్వండి.

ఎవరికి ఏది

ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసేవాళ్లకు ఫోన్ క్యాలెండర్, ఒక చిన్న నోట్‌బుక్ చాలు. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే సాధనాలను చూసుకోవడమే ఇంకో పని అవుతుంది.

పిల్లలున్న ఇంటికి గోడ క్యాలెండర్, ఒక షేర్డ్ లిస్టు. నెల ముందు కూర్చోవడం కూడా ఇద్దరూ కలిసే చేయాలి. ఒక్కరే ప్లాన్ వేసి రెండోవాళ్లకు పనులు చెబుతుంటే, గుర్తుపెట్టుకునే భారం పంచుకున్నట్టు కాదు.

నెలనెలా ఆదాయం మారే ఫ్రీలాన్సర్లకు అన్నిటికన్నా ముందు షీట్. ఈ నెల వచ్చింది వచ్చే నెలకు, పోయిన నెల వచ్చింది ఈ నెలకు ఖర్చు పెట్టే స్థితికి మెల్లగా చేరగలిగితే, నెల మొదట్లోనే చేతిలో ఎంతుందో కచ్చితంగా తెలుస్తుంది. అంచనాల మీద బతకాల్సిన అవసరం తగ్గుతుంది.

షిఫ్టులు మారేవాళ్లకు నెల ప్లాన్ అంతగా అతకదు. షిఫ్ట్ పట్టిక ఎన్ని రోజులకు ఇస్తే అన్ని రోజులకే పనులు వేసుకోండి. నెల మొదట్లో గడువులు, డబ్బు మాత్రం చూసుకోండి. విద్యార్థులకు ఫోన్ క్యాలెండర్‌లో పరీక్షలు, అసైన్‌మెంట్ గడువులు, వాటికి రెండు వారాల ముందు మొదటి రిమైండర్. మిగతాదంతా కాగితం మీద సరిపోతుంది.

ఏ కలయిక ఎంచుకున్నా ఒక్క నియమం వదలకండి: ఒక సంగతి ఒక్క చోటే ఉండాలి. ఒకే అపాయింట్‌మెంట్‌ను డైరీలోనూ ఫోన్‌లోనూ రాస్తే, అది మారినప్పుడు ఒకచోటే దిద్దుతారు. ఆ తర్వాత రెండింట్లో ఏది నిజమో తెలియక రెండిటినీ నమ్మడం మానేస్తారు.

కొత్త సాధనం మొదలుపెట్టాక కనీసం మూడు నెలాఖరులు దాటనివ్వండి. మొదటి నెలాఖరున పాత అలవాట్లు అడ్డొస్తాయి, రెండోసారికి చేయి తిరుగుతుంది, మూడోసారికి అది మీకు సరిపోతుందో లేదో తెలుస్తుంది. సరిపోకపోతే మొత్తం మార్చకుండా, ముందు చెప్పిన నాలుగింట్లో ఏది ఇంకా చేజారుతోందో చూసి దానికి వాడుతున్న సాధనాన్ని మాత్రమే మార్చండి. నెల మధ్యలో మార్చవద్దు. ఒకవేళ నెల ముందు కూర్చోవడం కుదరకపోతే, తొమ్మిదో తారీఖైనా పన్నెండో తారీఖైనా కూర్చుని నెలలో మిగిలిన రోజులకే ప్లాన్ వేయండి. గడిచిన రోజులను వెనక్కి వెళ్లి నింపాల్సిన పని లేదు.